శనివారం పెరుగు కప్పులు: తోడు నుంచి తీపి దాకా

వంట బృందం నుంచి:

అందరికీ నమస్కారం. శనివారం కార్యక్రమంలో భోజనం అయ్యాక ఇంట్లో తోడుపెట్టిన పెరుగునే తియ్యగా, రకరకాల రుచులతో కప్పుల్లో ఇద్దామని మొన్నటి మీటింగ్‌లో అనుకున్నాం కదా. 120 మంది వస్తామని చెప్పారు. పాలు కాయడానికి నలుగురు ముందుకొచ్చారు, చాలా సంతోషం. పని పంచుకునే ముందు ఒక్క మాట మీద అందరం ఒప్పుకోవాలి: పాలల్లో ఏమీ కలపకుండా చప్పగానే తోడుపెడదాం. తీపి, రుచి అన్నీ పెరుగు తోడుకుని చల్లబడ్డాకే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పోయినసారి నేను పచ్చి అనాసపండు ముక్కలు తరిగి ముందు రాత్రే పెరుగులో కలిపి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున మూత తీస్తే గరిటెకు నిలబడాల్సిన పెరుగు జారిపోతోంది, పైన పసుపుపచ్చ నీళ్ళు తేరాయి. నాలుక మీద వేసుకుంటే చేదు. నలభై కప్పులు పారబోయాల్సి వచ్చింది. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది పాలలోని ప్రొటీన్లను ముక్కలు చేసేస్తుంది. ఆ ముక్కల వల్లే చేదు, ఆ ప్రొటీన్ల అల్లిక తెగడం వల్లే నీళ్ళు. బొప్పాయి, కివీ, అంజూర పచ్చివి కూడా అదే పని చేస్తాయి. బాగా ఉడికిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది కాబట్టి ఉడికించిన అనాసతోనూ, డబ్బాలో దొరికే అనాసతోనూ భయం లేదు.

చక్కెర సంగతి. పాలల్లోనే చక్కెర వేసి తోడుపెట్టొచ్చు, లీటరుకు 60, 70 గ్రాముల దాకా బాగానే తోడుకుంటుంది. 100 దాటితే మాత్రం తోడులోని బ్యాక్టీరియాకు నీరు సరిగా అందదు, తోడుకోవడం మందగిస్తుంది. మనకు అసలు ఆ దారే వద్దు. ఒకసారి పాలల్లో చక్కెర పడిందంటే ఆ గిన్నె మొత్తం తీపిదే. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకీ, తీపి ఇష్టపడనివాళ్ళకీ పెట్టడానికి మన దగ్గర ఏమీ మిగలదు.

ఇంకో సంగతి నాకు చాలా ముఖ్యం. తియ్యటి పెరుగుకు అసలు రహస్యం చక్కెరలో లేదు, పులుపు ఎక్కకుండా ఆపడంలో ఉంది. కమ్మగా తోడుకున్న పెరుగుకు కిలోకు 60, 70 గ్రాములు సరిపోతుంది. అదే పులిసిన పెరుగుకు 100 పోసినా నాలుక చివర పులుపు తగులుతూనే ఉంటుంది. అందుకే పెరుగు గట్టిపడగానే ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోవాలి. ‘ఇంకో గంట ఉండనిద్దాం’ అని దయచేసి ఎవరూ అనుకోవద్దు.

కొనుగోళ్ళు చూసేవారు:

అక్కా, రేపు సరుకులకు వెళ్తున్నా. పాలు ఎన్ని లీటర్లు, పళ్ళు ఎన్ని కిలోలు, చక్కెర ఎంత? లెక్క చెప్తే ఒక్క ట్రిప్‌లో తెచ్చేస్తా.

వంట బృందం నుంచి:

తమ్ముడూ, కప్పుకు 120 గ్రాములు అనుకుందాం. యాభై కప్పుల్లో అడుగున 30 గ్రాముల పండ్ల పాకం, పైన 90 గ్రాముల చప్పటి పెరుగు. నలభై కప్పులు యాలకులు, కుంకుమపువ్వుతో తియ్యగా. ముప్ఫై కప్పులు ఏమీ కలపనివి. కలిపితే దాదాపు 13 కిలోల పెరుగు. గిన్నెలకు అంటుకునేదీ, రుచి చూసేదీ పోవాలి కదా, 14 లీటర్ల పాలు తీసుకో. వెన్న తీయని పాలే తీసుకో, రుచీ చిక్కదనం రెండూ దాంట్లోనే ఉన్నాయి.

పాకానికి స్ట్రాబెర్రీలు 2 కిలోలు. కిలో పండ్లకు 200 గ్రాముల చక్కెర వేసి నీరు ఇగిరేదాకా ఉడికిస్తాం. మొత్తం చక్కెర ఒక కిలో తెస్తే చాలు, మిగులుతుంది కూడా. తోడుకు ఏ రుచీ కలపని మామూలు పెరుగు ఒక డబ్బా. డబ్బా మీద సజీవ బ్యాక్టీరియా ఉన్నట్టు రాసి ఉందో లేదో చూడు. తోడుపెట్టాక వేడిచేసిన రకమైతే అది తోడుకు పనికిరాదు.

పిల్లల ఆటల బృందం:

అక్కా, స్ట్రాబెర్రీలు పచ్చివే ముక్కలు చేసి వేస్తే పిల్లలు ఇష్టంగా తింటారేమో? ఉడికిస్తే రంగు పోతుందా? ఇంకోటి, చక్కెర బదులు తేనె వాడితే మంచిది కదా?

వంట బృందం నుంచి:

రంగు గురించి టెన్షన్ పడకు చెల్లీ. పది నిమిషాలు ఉడికించి, దించే ముందు నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఎరుపు నిలుస్తుంది. పచ్చి ముక్కలైతే చక్కెర తగలగానే నీళ్ళు వదులుతాయి, రాత్రంతా ఉంటే పెరుగు పలచబడిపోతుంది. పండ్ల తొక్కల మీద ఉండే ఈస్ట్ కూడా పెరుగులోకి చేరుతుంది. ఉడికిస్తే ఈ రెండు బాధలూ ఉండవు. పాకం పూర్తిగా చల్లారాకే కప్పుల్లో పోయాలి. వేడిగా పోస్తే దాని మీద పడిన పెరుగు విరిగినట్టయి తేట తేరుతుంది. పచ్చి ముక్కలు కావాలంటే వడ్డించేటప్పుడు పైన రెండు పెడదాం, అది నాకూ ఇష్టమే.

తేనె విషయంలో మాత్రం నా మాట వినండి. ఏడాది లోపు పిల్లలకు తేనె ఒక్క చుక్క కూడా పెట్టకూడదు. అందులో క్లోస్ట్రిడియం బొట్యులినం అనే బ్యాక్టీరియా బీజాలు ఉండొచ్చు, పసివాళ్ళ పేగుల్లో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. ఇంట్లో మరగబెట్టినంత మాత్రాన ఆ బీజాలు చావవు. మన కార్యక్రమానికి చంటిబిడ్డలు వస్తున్నారు, రద్దీలో ఎవరు ఎవరికి ఏ చెంచాతో పెడతారో చూడలేం. కాబట్టి కప్పుల్లో తేనె వద్దు. పెద్దవాళ్ళ కోసం టేబుల్ మీద ఒక సీసా విడిగా పెట్టి పక్కన చీటీ రాద్దాం.

పెద్దల కుర్చీలు, సీట్ల ఏర్పాటు చూసేవారు:

అమ్మా, నాకు షుగర్. మా వయసువాళ్ళం చాలామందిమి ఉన్నాం. ఖర్జూరం గుజ్జో, బెల్లమో వేస్తే మేమూ తినొచ్చంటున్నారు, నిజమేనా?

వంట బృందం నుంచి:

బాబాయ్ గారూ, రుచికి బాగుంటాయి కానీ అవీ చక్కెరే. మీ కోసమే ఆ ముప్ఫై చప్పటి కప్పులు. వాటిని బోసిగా మాత్రం ఇవ్వను. తీపి లేకుండా సువాసన తేవచ్చు. నారింజ తొక్క పైపొర మాత్రం సన్నగా తురిమి కలిపితే, రసం పడదు కాబట్టి పులుపు పెరగదు, వాసన మాత్రం గుబాళిస్తుంది. లేదా చిటికెడు దాల్చినచెక్క పొడి. వెనిలా వాసనకైతే నాలుక తీపే అనుకుంటుంది. పాలలో సహజంగా ఉండే చక్కెర తోడుకున్నాక కూడా కొంత మిగిలే ఉంటుంది, ఆ లెక్క మాత్రం మీరు వేసుకోండి.

(బెల్లం ఎవరైనా ఇంట్లో వాడుకునేటట్టయితే, మరిగే పాలల్లో వేయకండి, విరిగిపోవచ్చు. తరిగి, కరిగించి, వడకట్టి, చల్లారాక పెరుగులో కలపండి.)

పాలు కాసేవారిలో ఒకరు:

వదినా, మా గిన్నె పెద్దది, మొత్తం నేనే ఒకేసారి తోడుపెట్టనా?

వంట బృందం నుంచి:

వద్దమ్మా. పద్నాలుగు లీటర్లు ఒకే గిన్నెలో చల్లారడానికి చాలాసేపు పడుతుంది, పాలు అంతసేపు గోరువెచ్చగా ఉండటం మంచిది కాదు. నలుగురం తలా మూడున్నర లీటర్లు పెట్టుకుందాం. పాలను 85 డిగ్రీల దాకా కాచి, పది నిమిషాలు ఆ వేడి మీదే ఉంచండి. ఆ వేడికి పాలలోని తేట ప్రొటీన్లు విడివడి కేసీన్ అనే పాల ప్రొటీన్‌కు అతుక్కుంటాయి, పెరుగు గడ్డగా రావడానికి అదే కారణం. తర్వాత గిన్నెను చన్నీళ్ళలో పెట్టి 43, 44 డిగ్రీలకు దించండి. చేతి అంచనా వద్దు, థర్మామీటర్ పెట్టండి. లీటరుకు రెండు పెద్ద చెంచాల తోడు, కాసిని పాలల్లో చిలికి కలపండి. ఆ తర్వాత గిన్నె కదపొద్దు. ఆరు గంటలకు ఒకసారి మెల్లగా పక్కకు వంచి చూడండి. అంచు గిన్నెను వదిలి మొత్తం ఒక ముద్దలా కదిలితే అయిపోయినట్టే.

యాలకుల పెరుగు నేను చేస్తాను. కిలో పెరుగుకు ఆరేడు యాలకుల్లోని గింజలు, 70 గ్రాముల చక్కెరతో కలిపి మిక్సీలో మెత్తటి పొడి. పలుకు చక్కెర వేస్తే అది కరిగేదాకా కలియబెట్టాలి, అంతసేపు తిప్పితే పెరుగు జావ అవుతుంది. చక్కెర ఎలాగూ నీరు వదిలిస్తుంది కాబట్టి ఆ పెరుగును ముందే గుడ్డలో కట్టి ఫ్రిజ్‌లోనే గంటసేపు వేలాడదీస్తాను. కుంకుమపువ్వును రెండు చెంచాల వెచ్చటి పాలల్లో పావుగంట నాననిచ్చి, చల్లారాక ఆఖరున కలుపుతాను. గరిటెను గుండ్రంగా తిప్పకుండా కింది నుంచి పైకి మడతపెట్టినట్టు నాలుగైదు సార్లు, అంతే. రుచి మాత్రం ఫ్రిజ్‌లో నుంచి తీసి చూస్తాను. చల్లగా ఉన్నప్పుడు నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది, గది వేడిలో సరిపోయిందనిపించినది చల్లబడ్డాక చప్పగా ఉంటుంది.

పిల్లల ఆటల బృందం:

కప్పుల మీద చీటీలు మేం రాస్తాం అక్కా. తెలుగులో ఒకటి, ఇక్కడి భాషలో ఒకటి. పాలు, పండ్లు అని రాస్తే చాలా?

వంట బృందం నుంచి:

ఏది తీపి, ఏది చప్పన అన్నది పెద్దగా రాయండి. బాదం, పిస్తా కప్పుల్లో వేయడం లేదు, అలర్జీ ఉన్నవాళ్ళుంటారు. వేరే గిన్నెలో, వేరే చెంచాతో, టేబుల్ ఆ చివర పెడదాం. ఇంట్లో చేసినవి వడ్డించడానికి హాలువాళ్ళ అనుమతి అడిగారా? అడగకపోతే ఈ రోజే అడగండి.

గురువారం సాయంత్రం ఐదింటికి పాలు పొయ్యెక్కాలి, ఏడు లోపు తోడు పడాలి. రాత్రి ఒంటిగంటకు అలారం పెట్టుకోండి, నాకూ ఒక మెసేజ్ పెట్టండి, నేను మెలకువగానే ఉంటాను. శుక్రవారం సాయంత్రం మా ఇంట్లో కప్పులు నింపుదాం. హాల్లో ఐసు పరిచిన ట్రేలలో పెట్టి, ఒక్కసారి నలభై కప్పులే బయటకు తీస్తాం. చల్లదనం లేకుండా రెండు గంటలు దాటినది ఎవరికీ ఇవ్వం.

ఇంకా కావాల్సినవి: లోతుగా ఉన్న ట్రేలు మూడు, ఐసు పెట్టె ఒకటి, పల్చటి నూలు గుడ్డలు రెండు, రెండో థర్మామీటర్. ఎవరి దగ్గర ఏముందో కింద రాయండి.