మూలకణ మార్పిడి తరువాత ఊపిరితిత్తుల్లో గడ్డలు: టీబీయేనా, నోకార్డియానా?

శిరీష_విజయనగరం: మా తమ్ముడికి చెల్లెలి మూలకణాలు ఎక్కించి ఏడాది కావస్తోంది. జీవీహెచ్‌డీ (దాత కణాలు రోగి శరీరం మీదే దాడి చేసే జబ్బు) ఉండటంతో స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని అణచే టాక్రోలిమస్ ఇంకా నడుస్తున్నాయి. సన్నజ్వరం, దగ్గు వదలడం లేదు. సీటీలో గడ్డల్లాంటివి కనిపించాయి. ఊళ్లో డాక్టరు గారు టీబీ మందులు మొదలుపెడదామంటున్నారు. మార్పిడి చేసినవారు ఆగమంటున్నారు. ఎవరి మాట వినాలి?

రామ్మోహన్_హనుమకొండ: మా ఆవిడకూ ఇదే వరస అమ్మా. ముందు ఫంగస్ అనుకుని వోరికొనజోల్ ఇచ్చారు, గడ్డలు కదల్లేదు. సూదితో నమూనా తీశాక నోకార్డియా అన్నారు. మట్టిలో ఉండే బ్యాక్టీరియా అట.

మైక్రోబయాలజిస్టు_గుంటూరు: శిరీష గారూ, ఆగమన్నది సబబైన మాట. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కాలేయాన్ని ఉసిగొల్పి రక్తంలో టాక్రోలిమస్‌ను పడగొడుతుంది. జీవీహెచ్‌డీ తిరగబెట్టడానికి అది చాలు. టీబీయే అని తేలితే వేరే దారులున్నాయి, ముందు తేలనివ్వండి. నోకార్డియా టీబీ వేషం వేయడంలో దిట్ట. టీబీ పరీక్షలో నమూనాకు ఎర్ర రంగు వేసి గాఢమైన ఆమ్లంతో కడిగితే దాని రంగు చాలావరకు పోతుంది. కొంచెం మిగిలితే చూసినవారు టీబీ అని రాసేస్తారు. 1 శాతం ఆమ్లంతో కడిగి చూస్తే కొమ్మలు వేసిన సన్నని దారాలు ఎర్రగా కనిపిస్తాయి. ఇంకో చిక్కు, అది నెమ్మదిగా పెరుగుతుంది. మామూలు కల్చర్ ప్లేట్లను రెండు మూడు రోజులకే పారేస్తారు. కాబట్టి చీటీ మీద ‘మార్పిడి రోగి, నోకార్డియా అనుమానం, మూడు వారాలు ఉంచండి’ అని రాయించండి. అదే నమూనాను టీబీ జన్యువును వెతికే సీబీనాట్ పరీక్షకూ పంపవచ్చు.

శిరీష_విజయనగరం: వాడు సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ వేసుకుంటూనే ఉన్నాడు కదండీ?

అంటువ్యాధుల_వైద్యుడు: అది న్యుమోసిస్టిస్ అనే ఊపిరితిత్తుల ఫంగస్ రాకుండా ఇచ్చే చిన్న మోతాదు. నోకార్డియాకు పూర్తి అడ్డుకట్ట కాదు. అయినా ఎక్కువ మోతాదులో అదే మందు చాలాసార్లు పనిచేస్తుంది. జబ్బు తీవ్రంగా ఉంటే మొదట్లో ఇమిపెనెమ్, అమికాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు జోడిస్తాం. టాక్రోలిమస్‌తో పాటు అమికాసిన్ అంటే మూత్రపిండాల మీద కన్నేయాల్సిందే. నోకార్డియా అని తేలితే తలనొప్పి లేకపోయినా మెదడు ఎమ్మారై తీయించండి. చికిత్స కనీసం 6 నెలలు, మెదడుకు పాకితే ఏడాది.

రామ్మోహన్_హనుమకొండ: ఆ పెద్ద మోతాదుతో మా ఆవిడకు పొటాషియం పెరిగింది. నీరసమని రోజూ పట్టిస్తున్న కొబ్బరినీళ్లు మాన్పించారు. తరువాత లినెజోలిడ్ అనే మరో యాంటీబయాటిక్‌కు మారిస్తే ప్లేట్‌లెట్లు జారాయి. వారం వారం రక్తపరీక్ష తప్పలేదు.

సుబ్బారావు_తణుకు: ప్లేట్‌లెట్లకు బొప్పాయి ఆకు రసం పట్టించండి.

అంటువ్యాధుల_వైద్యుడు: వద్దండీ. రోగనిరోధక శక్తి లేనివారికి పచ్చి ఆకుల రసాలు అసలే వద్దు. ప్లేట్‌లెట్లు పడితే మందు మార్చాలి.

శిరీష_విజయనగరం: రేపు బ్రాంకోస్కోపీ (ఊపిరితిత్తుల్లోకి సన్నని గొట్టం పంపి చూడటం) చేస్తామన్నారు. అవసరమైతే ముక్క కూడా తీస్తారట.

మైక్రోబయాలజిస్టు_గుంటూరు: ముక్క తీస్తే మొత్తం ఫార్మాలిన్‌లో వేయనివ్వకండి, అందులో సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, కల్చర్‌కు పనికిరాదు. కొంత సెలైన్ సీసాలో విడిగా పెట్టి వెంటనే ల్యాబ్‌కు పంపమనండి.