అప్‌డేట్: కోచింగ్ మానలేదు, కెమెరా కూడా వదల్లేదు

గుంటూరులో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ కోచింగ్ చెబుతూ ఫొటోగ్రఫీకి టైమ్ దొరక్క ఉద్యోగం మానేయాలా అని మిమ్మల్ని అడిగాను కదా, మానలేదండీ. మేనేజ్‌మెంట్‌తో మాట్లాడి ఆదివారం పొద్దుటి క్లాసు సాయంత్రానికి మార్పించుకున్నాను. ఇప్పుడు తెల్లారేసరికి గుంటూరు దగ్గర పక్షులు చేరే ఉప్పలపాడు చెరువు గట్టు మీద ఉంటున్నా. గూడబాతులు రెక్కలు విప్పి నీళ్ల మీద వాలేటప్పుడు షటర్ స్పీడ్ 1/1000 సెకను దాకా పెడితే గానీ ఈకల అంచులు స్పష్టంగా రావు, వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ (ఫొటోను ఇంకా వెలుగుగా చూపించే సెట్టింగ్) పెంచక తప్పదు, దానివల్ల ఫొటోలో వచ్చే ఆ మాత్రం గ్రెయిన్ (సన్నటి చుక్కలు) నాకు పర్వాలేదు. అలా తీసిన ఫొటో కటకాల పాఠంలో చూపిస్తే వెనక బెంచీ వాళ్లు కూడా ఎఫ్ నంబర్ (లెన్స్ ద్వారం ఎంత తెరుచుకుందో చెప్పే అంకె) గురించి అడిగారు, ఎంత సంతోషమేసిందో! పెళ్లి ఆర్డర్లు మాత్రం ఒప్పుకోవడం లేదు, పరీక్షల ముందు పిల్లల్ని వదిలి వెళ్లలేను. జీతం వదలొద్దు, టైమ్‌టేబుల్ మార్చుకో అని చెప్పినవాళ్లకు చాలా థ్యాంక్స్.