క్రిస్టల్ రేడియో కట్టాం, చప్పుడు లేదు: ఏ భాగానికి బదులు ఏది పెట్టొచ్చు?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ):
నమస్కారమండీ. బడి పిల్లలకి చూపించడానికి బ్యాటరీ లేని పాతకాలపు క్రిస్టల్ సెట్ ఒకటి కడుతున్నాం. 75 మి.మీ. పీవీసీ పైపు ముక్క మీద 26 గేజి ఎనామిల్ రాగి తీగ దగ్గర దగ్గరగా 100 చుట్లు చుట్టాం. పాత ట్రాన్సిస్టర్‌లోంచి తీసిన ప్లాస్టిక్ గ్యాంగ్ (స్టేషన్ మార్చడానికి తిప్పే కెపాసిటర్), 1ఎన్4007 డయోడ్, సెల్‌ఫోన్ ఇయర్‌ఫోన్ వాడాం. డాబా మీద 15 మీటర్ల వైరు ఏరియల్‌గా కట్టి, దాన్ని నేరుగా కాయిల్ పై కొనకి ఇచ్చాం. ఎర్త్‌కి కుళాయి పైపు. ఏమీ వినపడటం లేదు. గెలీనా రాయి (పాత సెట్లలో డయోడ్ పని చేసే స్ఫటికం) గానీ, 2000 ఓమ్‌ల హెడ్‌ఫోన్ గానీ ఎక్కడా దొరకలేదు. ఏది మార్చాలి?

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
ముందు మామూలు రేడియో మీడియం వేవ్‌లో పెట్టి, 837 కిలోహెర్ట్జ్ దగ్గర ఆకాశవాణి విజయవాడ కేంద్రం ఆ వేళకి పలుకుతోందో లేదో చూడండి. ప్రసారం లేని వేళ సెట్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. అది 100 కిలోవాట్ల కేంద్రం కాబట్టి ప్రసారం ఉంటే బెజవాడలో బ్యాటరీ లేకుండా వినడం కష్టమేమీ కాదు.

ఇక మీ కాయిల్. 75 మి.మీ. పైపు మీద 100 చుట్లంటే దాదాపు 660 మైక్రోహెన్రీల ఇండక్టెన్స్. కాయిల్ ఇండక్టెన్స్, గ్యాంగ్ కెపాసిటెన్స్ కలిసే సెట్ ఏ ఫ్రీక్వెన్సీ పట్టాలో తేలుస్తాయి, ఏది పెరిగినా ఫ్రీక్వెన్సీ కిందికి దిగుతుంది. ఈ కాయిల్‌తో 837 అందాలంటే మొత్తం కెపాసిటెన్స్ 55 పికోఫారాడ్‌లకి మించకూడదు. మీ ఏరియల్ వైరు ఒక్కటే వంద దాకా తెచ్చిపెడుతుంది. అది నేరుగా కాయిల్ కొనకే తగిలింది, గ్యాంగ్ పూర్తిగా తెరిచినా ఓ ఇరవై ఉంటుంది. ఆ లెక్కన మీ సెట్ 565 కిలోహెర్ట్జ్ దాటి పైకి రాదు. మీరు స్టేషన్ లేని చోట వెతుకుతున్నారు.

50 చుట్లు చాలు, సుమారు 235 మైక్రోహెన్రీలు వస్తాయి. దానికి 837 దగ్గర కావలసింది 150 పికోఫారాడ్‌లు. తీగ 13 మీటర్లు, తూకానికి 20 గ్రాములు. మోటారు రీవైండింగ్ షాపులో 25 గ్రాములు అడగండి. చుట్టేటప్పుడు కింది కొన (ఎర్త్ వైపు) నుంచి 10, 15, 25 చుట్ల దగ్గర తీగని తెంపకుండా రెండు సెంటీమీటర్ల మడత మెలిపెట్టి బయటికి వదలండి. ఆ మడతల మీద ఎనామిల్‌ని గరుకు కాగితంతో పూర్తిగా గీకి సోల్డర్ పూయండి. ఒక పక్క ఎనామిల్ మిగిలినా కనెక్షన్ ఉన్నట్టే కనిపిస్తుంది, కరెంటు మాత్రం పారదు.

గ్యాంగ్‌కి మూడు కాళ్ళుంటే నడిమిది ఎర్త్‌కి, పక్క రెండూ కలిపి కాయిల్ పై కొనకి. చాలా ప్లాస్టిక్ గ్యాంగ్‌లలో రెండు భాగాలూ కలిస్తేనే 200 దాకా వస్తుంది. ఏరియల్‌ని పై కొనకి ఇవ్వకండి. 10వ చుట్టు మడతకి ఇచ్చి చూడండి, చప్పుడు చాలకపోతే 15కి, అదీ చాలకపోతే 25కి మార్చండి. పైకి జరిపేకొద్దీ చప్పుడు కొంత పెరుగుతుంది గానీ స్టేషన్లు ఒకదాని మీద ఒకటి పడతాయి.

జవాబు (పటమట, విజయవాడ):
కాయిల్, గ్యాంగ్ విషయంలో పై లెక్క కుదిరితే ఏ బదులు వాడినా సెట్ ఎంతో కొంత పలుకుతుంది. డయోడ్, ఇయర్‌ఫోన్ అలా కాదు. ఈ సెట్‌కి బలం ఏరియల్ పట్టుకొచ్చేదే తప్ప వేరే లేదు, ఆ రెండు చోట్లా పోయిన బలాన్ని తిరిగి తెచ్చేదీ లేదు.

1ఎన్4007 పనికిరాదు. అది పవర్ సప్లై కోసం చేసిన సిలికాన్ డయోడ్, అరవోల్టు దాటితే గానీ సరిగా తెరుచుకోదు. కావలసింది జెర్మేనియం: ఓఏ79, ఓఏ91, 1ఎన్34ఏ. కొత్తగా కొంటే జాగ్రత్త, 1ఎన్34ఏ పేరుతో వేరే డయోడ్‌లు అంటగడుతున్నారు. మల్టీమీటర్ డయోడ్ గుర్తు మీద పెడితే జెర్మేనియం 0.2 నుంచి 0.35 మధ్య చూపిస్తుంది, సిలికాన్ 0.6 దగ్గర. గాజు గొట్టంలోకి చూస్తే సన్నని తీగ మొన కొసన చిన్న స్ఫటికం ముక్కకి ఆని ఉండటం కనపడాలి.

పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ బోర్డు దొరికితే వెతకండి. చిన్న అల్యూమినియం డబ్బాల్లో ఉండే ఐఎఫ్ (మధ్య ఫ్రీక్వెన్సీ భాగం) కాయిల్స్ విప్పితే ఓఏ79 తరహా డయోడ్ దొరకొచ్చు. అదీ లేకపోతే పాత ట్రాన్సిస్టర్ రేడియోలోని జెర్మేనియం ట్రాన్సిస్టర్‌నే డయోడ్‌గా వాడొచ్చు. ఏఎఫ్117 అయితే బేస్, ఎమిటర్ కాళ్ళు రెండే వాడి, మిగతావి వదిలేయండి. ఏసీ128 కూడా పలుకుతుంది గానీ అది సౌండ్ సెక్షన్‌ది, లోపలి కెపాసిటెన్స్ ఎక్కువ. సోల్డరింగ్ చేసేటప్పుడు కాలుని ముక్కు పట్టకారుతో పట్టుకోండి, వేడికి జెర్మేనియం తేలిగ్గా పాడవుతుంది. షాపులో కొత్తది కావాలంటే బ్యాట్85 అడగండి (ఇది జెర్మేనియం కాదు, షాట్కీ రకం డయోడ్). అదే రకం 1ఎన్5819 మీటర్ మీద 0.2 చూపించినా తీసుకోవద్దు, దాని లోపలి కెపాసిటెన్స్, వెనక్కి కారే కరెంటు రెండూ ఎక్కువే.

ప్రశ్న (సత్యనారాయణపురం):
ధన్యవాదాలండీ. చూడటానికి పాతకాలపు సెట్‌లా రాయి, దాని మీద తీగ ఉండాలని పిల్లల కోరిక. వినుకొండ వైపు దొరికే సీసపు రాయి పనికొస్తుందా? ఇయర్‌ఫోన్ సంగతి కూడా చెప్పండి.

జవాబు (బ్రాడీపేట):
పనికొస్తుంది. అగ్నిగుండాల, బండ్లమోటు దగ్గర ఒకప్పుడు తవ్వింది సీసపు ఖనిజమే, అదే గెలీనా. మూసేసిన గనుల్లోకి మాత్రం ఎవరూ దిగొద్దు. రాళ్ళు, ఖనిజాలు సేకరించేవాళ్ళని అడిగితే చిన్న ముక్క దొరుకుతుంది. బూడిదరంగు, లోహంలా మెరుపు, విరిగితే మెట్లు మెట్లుగా చదరపు ముఖాలు, చేతికి ఎత్తు బరువు: ఇవీ గుర్తులు. జగదీశ్ చంద్ర బోస్ 1901లో దరఖాస్తు పెట్టి, 1904లో అమెరికా పేటెంటు పొందిన డిటెక్టర్‌లో వాడింది ఈ గెలీనానే. పిల్లలకి ఈ మాట తప్పకుండా చెప్పండి.

శనగగింజంత ముక్క చాలు. దాన్ని సోల్డర్ చెయ్యొద్దు, ఆ వేడికి చురుకుదనం పోతుంది. ఇత్తడి మూతలో వంటింటి అల్యూమినియం రేకుని ఉండగా నలిపి కుక్కి, రాయిని అందులో గట్టిగా దిగ్గొట్టండి, తాజాగా విరిగిన ముఖం పైకి ఉండాలి. దాని మీద ఆనే తీగ సన్నగా, స్ప్రింగులా ఉండాలి: స్టీల్ గిటార్ తీగల్లో అన్నిటికన్నా సన్నదాన్ని పెన్సిల్‌కి నాలుగు చుట్లు తిప్పి, కొసని ఏటవాలుగా కత్తిరించండి. రాయికి తగిలీ తగలనట్టు ఆనాలి. నొక్కితే చప్పుడు చస్తుంది. చురుకైన చుక్క కోసం రాయంతా తడిమి చూడాలి. అందుకే ముందు డయోడ్‌తో సెట్ పలికించండి, ఆ తర్వాతే డయోడ్ తీసి రాయి పెట్టండి. రెండూ ఒకేసారి మొదలుపెడితే లోపం ఎక్కడుందో తేలదు. రాయిని ముట్టుకున్నాక పిల్లల చేత చేతులు సబ్బుతో కడిగించండి, అది సీసం.

జవాబు (పటమట):
ఇయర్‌ఫోన్‌కి రెండు దారులున్నాయి.

మొదటిది పీజో డిస్క్. పాడైన అలారం గడియారాల్లో, మ్యూజికల్ గ్రీటింగ్ కార్డుల్లో ఉండే ఇత్తడి బిళ్ళ ఇదే. వైర్లు సోల్డర్ చేసి, బిళ్ళని చిన్న ప్లాస్టిక్ మూతకి అంచులు మాత్రమే అంటేలా అతికించి, మూతకి చిల్లు పెట్టి చెవికి ఆనించండి. దీని రెండు వైర్ల మధ్య 47 కిలోఓమ్‌ల రెసిస్టెన్స్ తప్పనిసరి. పీజోలోంచి డీసీ పోదు, ఆ దారి ఇవ్వకపోతే డయోడ్ వెనకాల చార్జి పేరుకుపోయి మాట గొంతు నొక్కినట్టు వస్తుంది.

రెండోది మీ సెల్‌ఫోన్ ఇయర్‌ఫోనే, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి. ఇయర్‌ఫోన్ 32 ఓమ్‌లు, దాన్ని నేరుగా తగిలిస్తే సర్క్యూట్‌ని దాదాపు షార్ట్ చేసినట్టే. చిన్న 230/6 వోల్టుల ఎలిమినేటర్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకుని, మెయిన్స్ పిన్ను కత్తిరించి పారేసి, 230 వైపు తీగల్ని డయోడ్‌కీ ఎర్త్‌కీ, 6 వోల్టుల వైపు ఇయర్‌ఫోన్‌కీ ఇవ్వండి. 38:1 నిష్పత్తి కాబట్టి 32 ఓమ్‌లు డయోడ్‌కి 47 కిలోఓమ్‌ల దాకా కనపడతాయి. ఏది ఏ వైపో తెలియకపోతే మీటర్ పెట్టండి: ఎక్కువ ఓమ్‌లు చూపించేది 230 వైపు. ఇక్కడ 47 కిలోఓమ్‌ల రెసిస్టెన్స్ అక్కర్లేదు, చుట్టలోంచే డీసీ పోతుంది.

ప్రశ్న (సత్యనారాయణపురం):
50 చుట్లు, ఓఏ79, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాం. గ్యాంగ్ తిప్పితే అంతటా గుయ్‌మని కరెంటు మోతే. మాట చాలా లోతుగా ఉంది.

జవాబు (బ్రాడీపేట):
ఎర్త్ లేదు మీకు. ఇప్పటి కుళాయి పైపులు ప్లాస్టిక్, నేలని తాకవు. త్రీ పిన్ సాకెట్ ఎర్త్ మాత్రం వాడొద్దు. పాత ఇళ్ళలో అది ఎక్కడికి కలిపారో నమ్మకం లేదు, ప్రాణం మీదికొస్తుంది. పెరట్లో నాలుగడుగుల జీఐ పైపు దిగ్గొట్టి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి నీళ్ళు పోయండి. నల్లరేగడి అయితే తడి ఉన్నన్నాళ్ళూ ఎర్త్ బాగుంటుంది, ఎండాకాలం నెర్రెలు విచ్చితే పైపుకీ మట్టికీ మధ్య సందు పడుతుంది, మళ్ళీ నీళ్ళు పోయాలి. అపార్టుమెంటులో మట్టి అందకపోతే ఏరియల్ అంత పొడవే ఇంకో వైరు నేల వెంబడి పరిచి ఎర్త్ బదులు వాడండి.

మోత తగ్గాలంటే ఏరియల్‌ని ఇంటి వైరింగ్ పక్కనే నడపొద్దు, వీధి కరెంటు లైన్లకి దూరంగా, వాటికి సమాంతరంగా కాక లంబ దిశలో ఉండేలా తిప్పండి. ఆ లైన్ల మీదుగా గానీ కిందుగా గానీ ఎట్టి పరిస్థితిలోనూ లాగొద్దు. వైరు తెగితే వాటి మీద పడే దూరంలో కూడా ఉండకూడదు. మబ్బు పడితే ఏరియల్ విప్పి, ఇంటి బయటే ఎర్త్‌కి కలిపేయండి.

జవాబు (పటమట):
లోపం ఏ వైపుందో తేల్చడానికి ఇంకో పద్ధతి. ట్రాన్స్‌ఫార్మర్ విప్పేసి, దాని చోట 47 కిలోఓమ్‌ల రెసిస్టెన్స్ పెట్టి, దాని మీద డిజిటల్ మీటర్‌ని 2 వోల్టుల డీసీలో ఉంచి గ్యాంగ్ తిప్పండి. ఒక చోట రీడింగ్ పైకి లేచి మళ్ళీ పడిపోతే అదే స్టేషన్, అంటే డయోడ్ దాకా అంతా బాగున్నట్టు. చప్పుడు రాకపోతే తప్పు ట్రాన్స్‌ఫార్మర్‌దో ఇయర్‌ఫోన్‌దో. రీడింగే లేవకపోతే ఏరియల్, ఎర్త్, కాయిల్ మడతల మీద ఎనామిల్ సరిగా గీకారో లేదో చూసుకోండి.

ప్రశ్న (అరండల్‌పేట, గుంటూరు):
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. గుంటూరులో కూడా వస్తుందా? నా దగ్గర గ్యాంగ్ లేదు.

జవాబు (బ్రాడీపేట):
వస్తుందండీ. ఏరియల్ 25, 30 మీటర్లకి పెంచండి. గ్యాంగ్ లేకపోతే స్పైరల్ బైండింగ్‌కి వాడే పారదర్శక షీట్‌కి అటూ ఇటూ 6 సెం.మీ. చదరపు అల్యూమినియం రేకులు పెట్టి, అట్ట మీద ఒకదాన్ని అతికించి రెండోదాన్ని జరపండి, పైన పుస్తకం బరువు ఉంచండి. పూర్తిగా కప్పితే 200 పైనే వస్తుంది. షీట్ బదులు కాగితం మాత్రం పెట్టొద్దు. మన వైపు గాలిలో తేమకి కాగితం మెత్తబడి సిగ్నల్‌ని తినేస్తుంది, పొద్దున దొరికిన స్టేషన్ సాయంత్రానికి ఇంకో చోట ఉంటుంది.