స్విఫ్ట్ సస్పెన్షన్ పనికి 20,900 అంటున్నారు, లెక్క సరిగ్గానే ఉందా?

పెన్నా గట్టు, నెల్లూరు

2015 స్విఫ్ట్ డీజిల్, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. ఎక్కువగా కృష్ణపట్నం రోడ్డులోనే తిరుగుడు. చిన్న గుంతలో పడినా ముందు ఎడమవైపు టకటకమంటోంది. నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే కిర్రుమంటోంది. కంపెనీ సామాను కాకుండా బయటి బ్రాండు సామాను వేయడానికి ఒక షెడ్డులో ఇచ్చిన లెక్క ఇదీ.

సామాను: ముందు స్ట్రట్లు (స్ప్రింగు మోసే ముందు షాక్ అబ్జార్బర్లు) జత 5,600, మౌంటింగులు (స్ట్రట్ పై కొసను బాడీకి పట్టే రబ్బరు దిమ్మలు) బేరింగ్‌తో జత 1,600, లోయర్ ఆర్మ్‌లు (చక్రాన్ని కింది వైపు బండికి కలిపే ఇనుప చేతులు) జత 3,000, లింక్ రాడ్లు (స్ట్రట్‌ను బండి ఒరగకుండా ఆపే కడ్డీకి కలిపేవి) జత 1,000, వెనక షాక్ అబ్జార్బర్లు జత 2,800, స్ప్రింగుల్లో పెట్టే రబ్బరు బఫర్లు 2,400.
లేబర్: స్ట్రట్లకు 1,200, మౌంటింగులకు 800, లోయర్ ఆర్మ్‌లకు 1,000, లింక్ రాడ్లకు 400, వెనకవాటికి 600.
అలైన్‌మెంట్ 500. మొత్తం 20,900.

లేబర్ ఎక్కువ వేశారా? సామాను ఆన్‌లైన్‌లో నేనే తెప్పించి ఇస్తే మిగులుతుందా?

స్పానర్ 17, ఒంగోలు

అన్నా, సామాను రేట్లు అటూ ఇటూగా సరిపోయాయి. తేడా అంతా లేబర్‌లో ఉంది.

స్ట్రట్ మార్చాలంటే కింద నకిల్ (చక్రం బిగించి ఉండే ఇనుప దిమ్మ) దగ్గర రెండు బోల్టులు, పైన బానెట్ లోపల బిగింపు విప్పి మొత్తం దించాలి. స్ప్రింగును నొక్కిపెట్టి నడిమి నట్టు తీస్తే మొదట చేతికొచ్చేది మౌంటింగే. తిరిగి పెట్టేటప్పుడు పాతది పెట్టినా కొత్తది పెట్టినా పని ఒకటే. దానికి వేరే 800 ఎందుకు? ఆ పద్దు కొట్టేయించండి. లింక్ రాడ్ పై కొస స్ట్రట్‌కే బిగించి ఉంటుంది, స్ట్రట్ దించాలంటే అది ఎలాగూ విప్పాలి. కింది కొసకు మాత్రం 200 ఇవ్వొచ్చు. లోయర్ ఆర్మ్ వేరే పని, దాని లేబర్ న్యాయమే.

లెక్కలో లేనిది ఒకటుంది: బంప్ స్టాప్ (స్ట్రట్ పూర్తిగా అణిగినప్పుడు దెబ్బ తగలకుండా ఆపే దిమ్మ), దుమ్ము పడకుండా ఉండే రబ్బరు తొడుగు. జతకు ఒక 600 అవుతుంది. అవి పొడి పొడిగా రాలిపోయిన చోట కొత్త స్ట్రట్ వేస్తే రాడ్ మీద ఇసుక చేరి ఆయిల్ సీల్ తొందరగా పోతుంది.

చీమకుర్తి రోడ్డు

లేబర్ బేరానికి ముందు అసలు ఏది పోయిందో తేల్చుకోండి సార్. మీరు చెప్పిన టకటక ఎక్కువగా లింక్ రాడ్‌దే. కిర్రు శబ్దం మౌంటింగ్ బేరింగ్‌ది. ఈ రెండింటికీ 20,900 అక్కర్లేదు.

స్ట్రట్ చూడటం కష్టమేం కాదు. చక్రం పూర్తిగా పక్కకు తిప్పి టార్చ్ వేయండి. ఒంటి మీద పల్చగా ఆయిల్ తేమ ఉంటే కంగారు లేదు. ఆయిల్ ధారగా దిగి దుమ్ముతో కలిసి నల్లటి ముద్ద కట్టి ఉంటే అది పోయినట్టే. లోయర్ ఆర్మ్ బుష్‌ను (ఆర్మ్ బండికి తగిలే చోట ఉండే రబ్బరును) టైర్ లీవర్‌తో పైకెత్తి చూడమనండి. రబ్బరు చీలి లోపలి ఇనుప గొట్టం కదులుతుంటే మార్చాలి. బ్రేక్ కొట్టినప్పుడు కింద ధబ్‌మని ఒక దెబ్బ వినిపిస్తే అనుమానం దానిమీదే.

స్ట్రట్లు పొడిగా ఉంటే మౌంటింగులు 1,600, లింక్ రాడ్లు 1,000, లేబర్ 1,400 (స్ట్రట్లు దించి పెట్టడానికి 1,200, లింక్ రాడ్లకు 200), అలైన్‌మెంట్ 500, మొత్తం 4,500తో బయటపడతారు. అయితే అవి బండితో వచ్చిన స్ట్రట్లే అయితే లక్ష దాటాక నేనైతే మార్చమనే అంటా. ఇంకో ఏడాదికి అవి కారితే మళ్లీ అదే లేబర్, మళ్లీ అలైన్‌మెంట్. మార్చితే రెండు పక్కలా ఒకేసారి మార్చండి, ఒక్కదాన్నే కొత్తది చేస్తే బండి ఊపు రెండు వైపులా ఒకేలా ఆగదు.

కోస్తా డ్రైవర్, కావలి

రబ్బరు బఫర్లు వద్దే వద్దు. రెండు చుట్ల మధ్య రబ్బరు ఇరికిస్తే ఆ చుట్లు పనిచేయడం మానేస్తాయి, బరువంతా మిగతా చుట్ల మీద పడుతుంది. బండి ఎత్తు పెరిగినట్టు కనిపిస్తుంది కానీ స్ప్రింగు గట్టిపడి ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. రబ్బరు రాపిడికి స్ప్రింగు పెయింటు లేచిపోతుంది, మన సముద్రపు గాలికి అక్కడే తుప్పు పట్టి అక్కడే విరుగుతుంది. 2,400 మిగుల్చుకోండి.

సామాను మీరే తెస్తే కొంత మిగులుతుంది. కానీ పెట్రోలు బండి స్ట్రట్ డీజిల్‌కి తెప్పించుకుని ఇబ్బంది పడేవాళ్లు చాలామంది. డీజిల్ ఇంజను బరువు ఎక్కువ, పార్ట్ నంబరు సరిచూసుకోండి, ఎడమ కుడి కూడా. మీరు తెచ్చినది నెలకే కారితే షెడ్డు లేబర్ మళ్లీ కట్టాలి. షెడ్డులోనే కొంటే జీఎస్టీ బిల్లు అడగండి, వారంటీకి అదే ఆధారం. 2025 సెప్టెంబరు 22 నుంచి స్పేర్ పార్టుల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి తగ్గింది, డబ్బా మీది పాత ఎమ్మార్పీ చూపించి అంతే తీసుకుంటే ఒప్పుకోవద్దు.

స్పానర్ 17, ఒంగోలు

పని జరిగేటప్పుడు రెండు చోట్ల దగ్గరుండి చూడండి. ఒకటి, నడిమి నట్టు బిగించేటప్పుడు. రాడ్ తిరిగిపోతుంటే కొందరు కటింగ్ ప్లేయర్‌తో మెరిసే రాడ్‌నే పట్టుకుంటారు. గోరుతో రాస్తే తగిలేంత గీత పడినా చాలు, పైకీ కిందికీ ఆడిన ప్రతిసారీ అది సీల్‌ను కోస్తుంది. కొస దగ్గర అలెన్ కీతో పట్టి నట్టు తిప్పాలి.

రెండోది, లోయర్ ఆర్మ్ బుష్ బోల్టు. చక్రాలు గాలిలో వేలాడుతుండగా గట్టిగా బిగిస్తే, బండి నేలకు దిగాక రబ్బరు మెలితిరిగిపోయి కొన్ని నెలలకే చీలుతుంది. జాకీ మీద ఉండగా చేత్తో వదులుగా బిగించి, బండి బరువు చక్రాల మీద పడ్డాకే ఫైనల్ బిగింపు.

పెన్నా గట్టు, నెల్లూరు

చూపించాను. ఎడమ స్ట్రట్ కారింది. ఆర్మ్ బుష్ ఒక్కటే చీలింది, బాల్ జాయింట్ (ఆర్మ్ చక్రం వైపు కీలు) గట్టిగా ఉందంటున్నారు. వెనకవి పొడిగా ఉన్నాయి. బుష్ ఒక్కటే వేయిస్తే సరిపోతుందా?

చీమకుర్తి రోడ్డు

సరిపోతుంది, హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న చోట మాత్రమే వేయించండి. సుత్తితో కొట్టి దించితే ఆర్మ్ వంగుతుంది, ఆపైన ఎన్ని అలైన్‌మెంట్లు చేయించినా బండి ఒక పక్కకే లాగుతుంది. స్ట్రట్లు రెండూ మార్చండి, వెనకవాటి 3,400 ఆపేయండి. అలైన్‌మెంట్ అన్నీ బిగించాక చివర్లో ఒక్కసారే. సరిచేయక ముందు, చేశాక ఉన్న కొలతల ప్రింట్ తీసుకోండి. ముందు చక్రాల టో (అవి లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) సరిచేయగలరు కానీ వెనక ఇరుసుకు సర్దే వీలు లేదు, నాలుగు చక్రాలకూ చేశామని ఎక్కువ అడిగితే ఇవ్వకండి.