తోక దగ్గర నల్ల చుక్క ఉన్న ఈ చేప ఏది?

ప్రశ్న (బుచ్చిరెడ్డిపాళెం): కనిగిరి రిజర్వాయర్ కాలువలో మా వాడు దోమతెర గుడ్డ వేస్తే ఇరవై దాకా చిన్న చేపలు పడ్డాయి. వేలెడంత ఉన్నాయి, తెల్లగా మెరుస్తున్నాయి, తోక మొదట్లో నల్ల చుక్క. మా మామ పరిగెలంటాడు, పక్కింటాయన రోహు పిల్లలే అంటాడు. రోహు అయితే మా గుంటలో వదులుదామని బకెట్లో ఉంచాను. రెండు అప్పుడే తేలిపోయాయి, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు బకెట్ నీడలో పెట్టి, సగం నీళ్లు తీసి కాలువ నీళ్లే పోయండి. కుళాయి నీళ్లు వద్దు, క్లోరిన్‌కి చచ్చిపోతాయి. తర్వాత వీపు రెక్క విప్పి ఫొటో తీసి, పెద్దది చేసి, కొస చీలిన పుల్లలు లెక్కపెట్టండి. రోహుకి 12 నుంచి 14 ఉంటాయి. పరిగెకు 8.

అడిగినవారు: 8 వచ్చాయన్నా. వీపు రెక్క మొదట్లో కూడా చిన్న నల్ల మచ్చ ఉంది.

జవాబు: అయితే మీ మామ చెప్పిందే నిజం. కానీ ఆ రెండు మచ్చలూ పరిగెల్లో పుంటియస్ సోఫోర్ అనే రకానికీ ఉంటాయి, పుంటియస్ చోలా అనే రకానికీ ఉంటాయి. మచ్చ చూసి పేరు పెట్టేస్తే ఇక్కడే పొరపాటు జరుగుతుంది. మీసాలు చూడాలి. చోలాకు నోటి మూలల్లో ఒక జత సన్న మీసాలుంటాయి, సోఫోర్‌కు అసలు ఉండవు. గాజు గ్లాసు నీళ్లలో వేసి పక్కనుంచి చూడండి, బయటికి తీస్తే మీసం ఒంటికి అంటుకుపోతుంది. రెండు జతలు కనిపిస్తే అది సిస్టోమస్ సరానా, బాగా పెద్దదయ్యే రకం.

ఇంకొకరు (కంభం): మా చెరువులో మొప్ప వెనక ఒక చుక్క, తోక ముందు ఒక చుక్క ఉన్నవి పడతాయి. అవీ ఇవేనా అండీ?

జవాబు: కాదండీ, అది టిక్టో అనే ఇంకో రకం. వీపు రెక్క ముందున్న గట్టి ముల్లును వెనకవైపు తడిమితే రంపం పళ్లు తగులుతాయి. సోఫోర్‌కు అక్కడ నున్నగా ఉంటుంది. పాత పుస్తకాల్లో దాన్ని కూడా పుంటియస్ అనే రాశారు, 2012లో పెథియా అనే ప్రజాతిలోకి మార్చారు.

అడిగినవారు: మీసాల్లేవు, సోఫోరే. గుంటలో వదలొచ్చా?

జవాబు: వద్దు. అవి అక్కడే గుడ్లు పెట్టి పెరిగి మీ రోహు, బొచ్చె పిల్లల మేత తినేస్తాయి. బతికున్నవాటిని పట్టిన కాలువలోనే వదిలేయండి, ఎండెక్కకముందే.