సారా ఉద్యమం నాటి సీతమ్మ కథ పాఠం ఎవరి దగ్గరైనా ఉందా?

అందరికీ నమస్కారం. మాది కావలి. మా నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో వచ్చిన సారా వ్యతిరేక ఉద్యమం గురించి ఆనాటి ఆడవాళ్ల మాటలు రికార్డు చేస్తున్నాను. చాలామందికి వయసు మీద పడింది, అందుకే నాకీ తొందర.

పెద్దలకు అక్షరాలు నేర్పే రాత్రి బడి వాచకంలో, సారా దుకాణం మూయించిన సీతమ్మ కథ చదివి, దూబగుంట రోసమ్మ లాంటివాళ్లు కదిలి సారా దుకాణం మూయించారని అందరం విన్నదే. తర్వాత నెల్లూరులో సారా అమ్మే హక్కుల కోసం జరిగే వేలం పాటలు ఆగాయి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్య నిషేధం.

నా సందేహం ఒక్కటే. మలుపు తిప్పింది నిజంగా ఆ పాఠమేనా? కూలి డబ్బులన్నీ సారా ప్యాకెట్లకే పోతుంటే ఏళ్ల తరబడి పేరుకున్న కోపానికి ఆ పాఠం ఒక సాకు మాత్రమేనా? నాకైతే రెండోదే సబబనిపిస్తుంది. కడుపు మండకుండా చదువొక్కటే అంతమందిని రోడ్డు మీదికి తేలేదు. కానీ చదువు చెప్పినవాళ్లు ఒప్పుకోరేమో!

అప్పట్లో రాత్రి బళ్లలో పాఠాలు చెప్పినవాళ్లు, వేలం పాటలు అడ్డుకోవడం కళ్లారా చూసినవాళ్లు ఇక్కడుంటే దయచేసి చెప్పండి. ముందు కోపం రగిలిందా, ముందు పాఠం వచ్చిందా? ఆ వాచకం పాత ప్రతి ఉంటే ఆ పేజీల ఫొటోలు పెట్టినా చాలు.