గతంలో దద్దుర్లు, క్రియాటినిన్ 1.8: కాంట్రాస్ట్ సీటీకి టెస్ట్ డోస్ చాలా?

సీటీ_శ్రీకాకుళం:
నమస్కారం అండి. ఎల్లుండి ఉదయం 10 గంటలకి ఒక కాంట్రాస్ట్ సీటీ (నరంలోకి అయోడిన్ ఉన్న మందు ఎక్కించి తీసే స్కాన్) ఉంది. పేషెంటుది కవిటి దగ్గర ఊరు. 60 ఏళ్ల ఆవిడ, బరువు 55 కిలోలు. క్లోమంలో గడ్డ అనుమానంతో సర్జన్ గారు రాశారు. షుగరుకి మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష క్రియాటినిన్ 1.8. రెండేళ్ల కిందట వేరేచోట సీటీలో మందు ఎక్కించాక దద్దుర్లు లేచి, ఇంజెక్షన్ చేశాక తగ్గాయట. అప్పుడు వాడిన మందు పేరు రిపోర్టులో లేదు. కొడుకేమో "అమ్మకి రొయ్యలు కూడా పడవు" అంటున్నాడు.
మా దగ్గర కాంట్రాస్ట్ మందుల్లో అయోహెక్సాల్ 350, అయోపమిడాల్ 370 రెండూ ఉన్నాయి. ఇక్కడి పద్ధతి: ముందు నరంలోకి 1 మి.లీ. టెస్ట్ డోస్, పది నిమిషాలు చూడటం. పాత ఎలర్జీ ఉందంటే టేబుల్ మీదే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ 100 మి.గ్రా., ఎలర్జీకి ఇచ్చే ఎవిల్ ఒకటి, ఆ వెంటనే 80 మి.లీ. కాంట్రాస్ట్. ఈవిడకి ఇది సరిపోతుందా? ఆ టెస్ట్ డోస్ వల్ల అసలు ఒరిగేదేమైనా ఉందా?

రేడియాలజీ_విజయనగరం:
టెస్ట్ డోస్ వల్ల ఒరిగేదేమీ లేదు. 1 మి.లీ.కి ఏమీ కానివాళ్లకి తర్వాతి 80 మి.లీ.తో బీపీ పడిపోవచ్చు. ఆ 1 మి.లీ.కే తీవ్రమైన రియాక్షన్ వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. ఈ రియాక్షన్లు డోసు లెక్క చూసుకుని రావు. అన్నిటికంటే పెద్ద నష్టం, పది నిమిషాలు బాగుంటే గదిలో అందరూ తేలిగ్గా తీసుకోవడం.

రొయ్యల మాట వదిలెయ్యండి. రొయ్య పడనివాళ్లకి పడనిది దాని కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్, అయోడిన్ కాదు. భావనపాడు నుంచి చింతపల్లి దాకా తీరమంతా రొయ్యలు తినే ఊళ్లే, ఈ ప్రశ్న అడిగి ఎంతమంది స్కాన్లు వాయిదా వేస్తారు? అడగాల్సింది పాత రియాక్షన్ గురించి. ఒట్టి దద్దుర్లేనా? గొంతు బొంగురుపోయిందా, ఆయాసం వచ్చిందా, కళ్లు తిరిగి పడిపోయారా? ఒళ్లంతా సెగ తగిలినట్టు, మూత్రం పోయినట్టు అనిపించడం, నోట్లో ఇనప రుచి ఎలర్జీ కాదు. దాన్నే "మందు పడలేదు" అని చెప్పేవాళ్లు చాలామంది.

టేబుల్ మీద చేసే హైడ్రోకార్టిసోన్ మన తృప్తికే. స్టెరాయిడ్ పని మొదలవడానికి కనీసం నాలుగైదు గంటలు కావాలి. చేయదలిస్తే సరిగ్గా చెయ్యాలి: ప్రెడ్నిసొలోన్ 50 మి.గ్రా. చొప్పున 13 గంటలు, 7 గంటలు, 1 గంట ముందు. పది గంటల స్కాన్‌కి ముందు రాత్రి 9, తెల్లవారుజామున 3, ఉదయం 9. ఒక్కో డోసుకి 10 మి.గ్రా. మాత్రలు ఐదు. ఆఖరి డోసుతో ఎవిల్ లాంటి యాంటీహిస్టమిన్ ఒకటి. కవిటి నుంచి మీ దగ్గరకి వందకు పైగా కిలోమీటర్లు, మూడు గంటల మాత్ర ఇంట్లోనే వేసుకోవాలి. కాబట్టి రేపు సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాలి.

అయితే ఈవిడకి స్టెరాయిడ్ కంటే మందు మార్చడమే నేను ముందు పెడతాను. ఒట్టి దద్దుర్లతో పోయిన కేసుల్లో ఇప్పుడు అటే మొగ్గు, పైగా షుగరు మనిషి. పాత సెంటరుకి ఫోన్ చేసి మందు పేరు కనుక్కోండి. అయోహెక్సాల్ అయితే మీ అయోపమిడాల్ వాడండి. అయోడిక్సనాల్ అనే మరో కాంట్రాస్ట్‌కి మారడం పెద్ద మార్పు కాదు, రెండు అయోహెక్సాల్ అణువులు జోడించినట్టుంటుంది దాని నిర్మాణం. పేరు దొరక్కపోతే 13 గంటల పద్ధతే, షుగరు చూసుకుంటూ. ఏది చేసినా రియాక్షన్ రాదన్న హామీ లేదు.

స్టాఫ్‌నర్స్_రాజాం:
సార్, టెస్ట్ డోస్ మానేస్తే రేపు ఏదైనా జరిగినప్పుడు "కనీసం టెస్ట్ కూడా చెయ్యలేదు" అని బంధువులు మీదికొస్తారు కదా?

రేడియాలజీ_విజయనగరం:
అమ్మా, టెస్ట్ డోస్‌తోనే ప్రాణం మీదికొస్తే అప్పుడు ఏం చెప్తారు? పాత రియాక్షన్ వివరం, ఇచ్చిన మందు పేరు, లాట్ నంబరు, ఎన్ని మి.లీ., ఎన్ని గంటలకి ఇచ్చారు అన్నవి రాసి, తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోండి. ఆ మందు పేరొక్కటి రెండేళ్ల కిందట రాసి ఉంటే ఇవాళ ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

కిడ్నీ_ఓపీ:
క్రియాటినిన్ అంకె చూసి నిర్ణయించకండి, ఈజీఎఫ్‌ఆర్ (వయసు, ఆడా మగా కూడా చూసి కిడ్నీ ఎంత వడపోస్తుందో చెప్పే లెక్క) వెయ్యండి. అదే 1.8కి 45 ఏళ్ల మగమనిషికి దాదాపు 47 వస్తుంది, ఈవిడకి 32. నరంలోకి ఇచ్చే కాంట్రాస్ట్‌కి జాగ్రత్త గీత 30. గీతకి ఇవతలే ఉన్నారు గానీ అంచున ఉన్నారు. పైగా ఉద్దానం (కవిటి చుట్టుపక్కల, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతం) మనిషి. అటువైపు కాళ్ల వాపు, మూత్రంలో పెద్దగా ప్రోటీన్ లేకుండానే కిడ్నీలు దెబ్బతిని ఉంటాయి, "నాకేటీ లేదు" అనే చెప్తారు. స్కాన్ ఉదయమే క్రియాటినిన్ మళ్లీ చూడండి. నెల కిందట 1.2 ఉండి ఇప్పుడు 1.8 అయితే ఈ లెక్కే చెల్లదు, కిడ్నీ అప్పటికప్పుడు దెబ్బతింటున్నట్టు.

30 కంటే తగ్గితే, గుండె జబ్బు లేకపోతే, సాధారణ సెలైన్ 500 మి.లీ. ముందు, 500 మి.లీ. తర్వాత. కిడ్నీని కాపాడతాయని ఇచ్చే ఎసిటైల్‌సిస్టిన్ మాత్రలతో లాభం లేదు. మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ వాడుతుంటే ఆపించండి. మెట్‌ఫార్మిన్ 30 పైన ఆపనక్కర్లేదు. అంచున ఉన్నారు గనక స్కాన్ నుంచి 48 గంటలు ఆపి, క్రియాటినిన్ చూశాక మొదలుపెడితే నష్టం లేదు. రాళ్ల కోసమైతే కాంట్రాస్ట్ లేని సాదా సీటీ చాలు అనేవాణ్ణి, క్లోమానికి కుదరదు.

మత్తు_డాక్టర్:
అందరూ రాకుండా చూడటం గురించే రాశారు. వస్తే ఏం చేస్తారు? మీ ఎమర్జెన్సీ ట్రే ఎక్కడుంది? బీరువాలో, తాళం ఇన్‌ఛార్జి దగ్గర అయితే ట్రే లేనట్టే. ఇంజెక్టర్ (కాంట్రాస్ట్ ఎక్కించే యంత్రం) పక్కన ఉండాల్సినవి: 1 మి.గ్రా. అడ్రినలిన్ ఆంప్యూళ్లు రెండు మూడు, 1 మి.లీ. సిరింజిలు, సెలైన్, ఎట్రోపిన్, సాల్బుటమాల్ నెబ్యులైజర్, రిజర్వాయర్ మాస్క్‌తో నిండిన ఆక్సిజన్ సిలిండర్. రెగ్యులేటర్ తిప్పి చూడండి.

ముందు నాడి పట్టుకోండి. బీపీ పడిపోయి, నాడి నెమ్మదిగా 40, 50 కొడుతూ, చర్మం చల్లగా ఉంటే అది వేసోవేగల్, అంటే నరాల స్పందనతో కళ్లు తిరగడం, ఎలర్జీ కాదు. కాళ్లు ఎత్తి, సెలైన్ వదిలి, తేరుకోకపోతే ఎట్రోపిన్ 0.6 మి.గ్రా. నరంలోకి. నాడి వేగంగా కొడుతూ బీపీ పడిపోయినా, దద్దుర్లతో పాటు ఆయాసం, పిల్లికూతలు, గొంతు బిగుసుకోవడం ఉన్నా అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదికొచ్చే ఎలర్జీ. అప్పుడు మొదటి మందు అడ్రినలిన్: ఆంప్యూల్లో సగం, 0.5 మి.లీ., తొడ బయటి వైపు కండలోకి. చీర మీంచే గుచ్చినా ఫర్వాలేదు. ఐదు నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ అంతే. ఆక్సిజన్ నిమిషానికి 10 లీటర్లు, సెలైన్ వేగంగా. కూర్చోబెట్టకండి, నడిపించకండి, లేచి నిలబడగానే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆయాసంతో పడుకోలేకపోతే మాత్రం తల కొంచెం ఎత్తండి.

సాధారణంగా జరిగే తప్పులు రెండు. ఒకటి, ఎవిల్, హైడ్రోకార్టిసోన్ చేసి "చూద్దాం" అనడం. అవి దద్దుర్లు తగ్గిస్తాయేమో గానీ పడిపోయే బీపీని నిలబెట్టవు. రెండు, కంగారులో ఆ ఆంప్యూల్‌ని పలచన చెయ్యకుండా నేరుగా నరంలోకి తొయ్యడం. గుండె లయ తప్పుతుంది. ఆవిడ బీపీకి అటెనోలాల్ లాంటివి వాడుతున్నారేమో అడగండి. వాడుతుంటే అడ్రినలిన్ సరిగ్గా పట్టకపోవచ్చు, అప్పుడు గ్లూకగాన్ అనే ఇంజెక్షన్ కావాలి, అది ఉన్న ఆస్పత్రిలోనే స్కాన్ పెట్టుకోవడం మంచిది. తేరుకున్నాక కూడా 108లో పంపండి, గంటల తర్వాత రెండోసారి తిరగబెట్టొచ్చు.

సీటీ_శ్రీకాకుళం:
పాత సెంటరువాళ్లు రికార్డు చూసి అయోహెక్సాల్ అని చెప్పారు. ఒట్టి దద్దుర్లే, ఆయాసం లేదు, బీపీ మాత్రలు లేవు. అయోపమిడాల్ పెడుతున్నాం, స్టెరాయిడ్ లేకుండా. స్కాన్ అయ్యాక ఎంతసేపు ఉంచాలి?

స్టాఫ్‌నర్స్_రాజాం:
క్యాన్యులా తియ్యకుండా కనీసం 30 నిమిషాలు, మనిషి కనపడే చోట. తీవ్రమైనవి చాలావరకు ఆలోపే బయటపడతాయి. క్యాన్యులా మోచేతి మడతలో 20 గేజ్ పెట్టి, ఇంజెక్టర్ తగిలించే ముందు 10 మి.లీ. సెలైన్ వేగంగా తోసి చూడండి, ఉబ్బితే చెయ్యి మార్చండి. దద్దుర్లు వారం లోపు ఎప్పుడైనా రావచ్చు, చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. కొడుకుతో మాత్రం గట్టిగా చెప్పండి: దురదైతే ఫోన్ చెయ్యమని, నోట్లో పొక్కులొచ్చినా జ్వరంతో చర్మం ఊడుతున్నా ఫోన్ కోసం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లమని.